మా మేనత్త మొఖం

మా మేనత్త పోయిందని దవాఖాన నుంచి పొద్దుగాల ఫోనొచ్చింది. నేనింకా ఏడ్వనన్న ఏడ్వలే, ఆమె మీద డాక్యుమెంటరీ తీస్తున్న డైరెక్టరు ఫోన్ చేసిండు. "చాలా బాధగా ఉందండీ" అన్నడు. గదే ఊపిరిల, "ఇప్పుడు ఫేస్ వాడుకోవచ్చు కదండీ?" అన్నడు. నోటికొచ్చింది తిట్టి పెట్టేసిన. ఆ కోపం ఇంకా తగ్గలే. తగ్గినంక రాద్దామంటే ఈ జన్మల రాయను, అందుకే గిట్లనే రాస్తున్న.

మేనత్త బొమ్మలేసేది. తోటోళ్లంతా కొలువుల కోసం తిరుగుతుంటే ఈమె బస్సెక్కి అడవిల, కొండల మీదున్న ఒక పల్లెకు పోయింది. సగం జీవితం అక్కడ్నే గడిపింది. వాళ్ల గోడల మీద, వాళ్ల ఎర్రమన్నుతోటే గీసేది. పెండ్లి చేసుకోలే. మావోళ్లు పిచ్చిదన్నరు. "అననీ, వాళ్ల నోరు వాళ్లిష్టం" అనేది.

ఆ డైరెక్టరు సినిమాల చూపెట్టినట్టు ఆమె శాంతమూర్తేం కాదు. అందరితోటి కొట్లాటే. హైటెక్ సిటీల చెప్పుల్లేకుండ నడిచేది, వద్దన్న సెక్యూరిటీ వాన్ని పట్టుకొని తిట్టేది. మా సోఫా మీద గొంతుక్కూచొని చాయ్ తాగేది, చక్కెర తక్కువైతే నన్నూ తిట్టేది.

నా ఉద్యోగం పోయినప్పుడు కొత్తగూడల కిరాయి ఇంట్ల తలుపేసుకొని పండుకున్న. ఎవరు చెప్పిన్రో, ఎర్రమన్ను మూట నెత్తిన పెట్టుకొని దిగింది. ఓదార్చుడు ఆమెకు రాదు. "ఇట్ల పండుకుంటే కంపెనీ వాడు అయ్యో పాపమని పిలుస్తడా? లే, మన్ను పిసుకు" అన్నది. హాల్ గోడంతా నాతోటి అలికిపిచ్చింది. ఇంటి ఓనరు లొల్లి చేస్తే, "ఇప్పుడే నీ గోడ జర గోడ లెక్కున్నది, పో" అని ఆయన్నే తరిమింది. ఆ దినాలల్ల ఆమె లేకుంటే నేనేమయ్యేదాన్నో. ఇయ్యాల మనిషిలెక్క తిరుగుతున్ననంటే ఆమె తిట్ల పుణ్యమే.

ఆ గోడ అలుకుకుంటనే ఒక ముచ్చట చెప్పింది. పల్లెకు పోయిన కొత్తల ఒక తల్లికి కొడుకు సచ్చిపోయిండట. ఆమె దుఃఖం చూడలేక ఈమె ఆ పిల్లగాని మొఖం గీసి తీస్కపోయి చేతిల పెట్టింది. ఆ తల్లి ఆ బొమ్మను నిప్పులల్ల పడేసి ఈమెను బయటికి నూకింది. ఆ పల్లెల పోయినోళ్ల పేరు తియ్యరు, మొఖం చూడరు, మళ్ల పంట ఇంటికొచ్చేదాక. తీస్తే, పోయేటోళ్లు వెనక్కి తిరిగి తొవ్వ తప్పుతరట. అప్పటి సంది మేనత్త ఎవ్వరి మొఖం గియ్యలే, అందరినీ వెనకనుంచే గీసింది. ఆ తల్లే తర్వాత ఆమెకు తోబుట్టువు లెక్క అయింది.

"నేను సచ్చినంక నా మొఖం ఆమె ముందట పెట్టొద్దు, యాదుంచుకో" అన్నది. మేనత్త పేరు నేనిక్కడ రాయంది గందుకే.

డైరెక్టరుకూ గదే షరతు పెట్టింది, మొఖం తియ్యొద్దని. సరేనన్నడు. కెమెరా లేస్తే చాలు, ఎర్రమన్ను అంటిన అరచెయ్యి దానికి అడ్డం పెట్టేది. సినిమానిండ ఆ చెయ్యే. కాని దవాఖానల మందుల మత్తుల పండుకున్నప్పుడు తలుపు సందుల నుంచి మొఖం తీసుకున్నడు. చెయ్యి లేపే ఓపిక లేనప్పుడు!

పంట ఇంకా ఇంటికి రానే లేదు, సంతాప సభని పేరు పెట్టి హైటెక్ సిటీల ఒక కంపెనీ క్యాంటీన్‌ల సినిమా వేసిన్రు. కొండమీంచి, ఇప్పుడు ముసలిదైన ఆ తల్లిని పిలిపిచ్చి, శాలువా కప్పి ముందు వరుసల కూచోబెట్టిన్రు. సినిమా మొదలుకాకముందే నేను డైరెక్టరు మీద పడ్డ. "మాటిచ్చినవ్. ఆ మొఖం తీసెయ్."

"అదేనండీ క్లైమాక్స్. ఆవిడని చిరస్థాయిగా నిలబెడుతున్నాం. మీరు పర్సనల్‌గా తీసుకుంటున్నారు."

"నా మేనత్తయ్యా! పర్సనల్‌గ కాకుంటే ఎట్ల తీసుకోవాలె?"

నవ్వి, లైట్లు తీసెయ్యమన్నడు. తెర మీద ఒకాయన, ఆ వెనక్కి తిరిగిన బొమ్మలు ఆధునిక మానవుడి ఒంటరితనమని చెప్పిండు. నీ నోట్ల మన్నువడ అని గట్టిగనే అన్న. పక్కలోళ్లు ఉష్ అన్నరు.

ఆఖర్ల మొఖం వచ్చింది. గోడంత మొఖం, కండ్లు మూసుకొని, ముక్కుల గొట్టంతోటి. ముందు వరుసల ముసలామె కొంగు కండ్లకు అడ్డం పెట్టుకుంది. "ఏడుస్తోంది పాపం" అన్నరెవరో. ఏడుస్తలేదు, నా దిక్కు చెయ్యి చాపి పిలుస్తుంది.

"ఆపు బిడ్డా. ఆమె ఇటు తిరుగుతుంది."

లేచిన. నడుమ టేబుల్ మీద ప్రొజెక్టర్ ఉంటే పోయి దాని అద్దానికి అరచెయ్యి అడ్డం పెట్టిన. తెర నల్లగైంది, వేళ్ల సందుల్లకెళ్లి ఎర్రగ జర వెలుగు. సినిమానిండ ఉన్న ఆ చెయ్యే అనుకున్నరేమో, కొందరు చప్పట్లు కొట్టిన్రు. "మేడమ్, ప్లీజండీ" అని డైరెక్టరు ఉరికొచ్చిండు.

ముసలామె మెల్లగ కొంగు దించి తెర దిక్కు చూసింది. నా అరచెయ్యి కాలుతుంది. తియ్యలే.