అవ్వ గొంతు తీసేసిన సారుకు నా జవాబు

కరీంనగర్‌లో కొత్తవాళ్లకు అండగా ఉంటామనే ఒక స్టూడియో నాకు కెమెరా ఇచ్చి, మీ జీవితాన్ని ఉన్నదున్నట్టు తీయమంది. మా ఇంట్లో సాంచ, అంటే మరమగ్గం, నడిపే అవ్వ మీద చిన్న సినిమా తీశాను. స్టూడియో సారు అది చూసి సాంచ మోతనూ, దాన్ని మించి అరిచినట్టు మాట్లాడే అవ్వ గొంతునూ తీసేసి వేణువు పెట్టారు. "ఇప్పుడు సహజంగ ఉన్నది చూడు" అన్నారు. ఎంత బతిమాలినా వినలేదు. 'కసి' అనే చిన్న మాట నాకు అప్పటినుంచే ఇష్టమైంది.

ఈరోజు ప్రదర్శన. పెన్‌డ్రైవ్ తెచ్చే పని నాకే అప్పగించారు. నేను వేణువు లేని సినిమానే తీసుకెళ్లాను.

తెర వెలగగానే హాలంతా సాంచ మోత. ముందు వరుసలో అతిథుల పక్కనున్న సారు వెనక్కి తిరిగి నాతో ఏదో అన్నారు. వినపడలేదు. నా పక్కన కూర్చున్న అవ్వ ఇంట్లో అలవాటు కొద్దీ కేక వేసింది.

"సారూ, సాంచ నడుస్తుంటే గట్ల గొణిగితే ఎట్ల ఇనవడ్తది? జర గట్టిగ మాట్లాడుండ్రి!"

హాలు ఘొల్లున నవ్వింది. సారు మళ్లీ వెనక్కి తిరగలేదు.

అయిపోయాక నా దగ్గరకొచ్చారు. "తప్పు పెన్‌డ్రైవ్ తెచ్చినవా?"

"లేదు సార్. సరైందే తెచ్చిన."

ఇక ఆ కెమెరా నాకు దొరకదు. అయినా కడుపు నిండినట్టుంది. నాది తప్పంటారా? అనేవాళ్లు గొణగకండి, మా అవ్వలా గట్టిగా చెప్పండి.