తొమ్మిది దిగులు మాటలు, నలభై ఒక్క గీతలు

2022 వానాకాలం. సంతోష్‌నగర్‌లో నాది జాబ్ టైపింగ్ దుకాణం. ఎవరికైనా అర్జీ, ఉత్తరం, రిపోర్టు కావాలంటే ఇంగ్లిషులో తయారుచేసి అచ్చు తీసివ్వడం పని. నేను పదో తరగతి దాటలేదు. ఇంగ్లిషు డిక్షనరీ చూసి నేర్చుకున్నాను, లెక్కలు నాకు నేనే నేర్చుకున్నాను. ఏ కాగితం వచ్చినా ముందు అందులో అంకెలు ఎన్ని ఉన్నాయో చూస్తాను, మాటలు తర్వాత చదువుతాను.

ఒక సోమవారం పొద్దున సుగుణక్క వచ్చింది. మాదన్నపేట కూరగాయల మార్కెట్ వెనక ఒక ట్రస్టు నడిపే కుట్టు సెంటర్‌లో పదకొండేళ్లుగా ఆమే టీచరు.

"తమ్మీ, ఒక లెటర్ కొట్టాలె. మా సెంటర్ బంద్ చేస్తరంట. మూడు నెలలు ఆగుండ్రి అని రాయి. ఇప్పుడున్న పిల్లలన్న నేర్చుకుంటరు."

"ఎందుకు బంద్ చేస్తరక్కా?"

"నాకేం ఎరుక? టై కట్టుకున్న ఒకాయన వచ్చిండు, చూసిండు, పోయిండు. రెండు కాగితాలు రాసిండు. ఎవలతోని చదివిపిచ్చినా చావు కబురు చదివినట్టే మొఖం పెడుతున్నరు."

కాగితాలు తీసుకున్నాను. ట్రస్టు పెట్టుకున్న కన్సల్టెంట్, అంటే సంస్థ బాగోగులు చూసి సలహా రాసిచ్చే మనిషి, ఇచ్చిన రిపోర్టు అది. పెన్సిలు తీసి దిగులు మాటల కింద గీసుకుంటూ పోయాను. తొమ్మిది తేలాయి. డిక్లైన్ అంటే తగ్గుముఖం. డ్విండ్లింగ్ అంటే కొంచెం కొంచెంగా కరిగిపోవడం. స్లంప్ అంటే ఒక్కసారిగా కూలబడటం. మోరిబండ్ అంటే ప్రాణం పోయేందుకు సిద్ధంగా ఉన్నది. లాక్‌లస్టర్ అంటే కళ తప్పినది. డిస్మల్, బ్లీక్, గ్లూమీ అనే మూడూ దిగులుకే రకరకాల పేర్లు. చివరిది డిమ్, అంటే మసక. రెండు పేజీల్లో అంకెలున్న వాక్యం మాత్రం ఒక్కటే: మూడేళ్లలో చేరిన అరవై మూడు మందిలో నలభై ఒక్కరు డ్రాపౌట్లు, అంటే మధ్యలో మానేసినవాళ్లు.

"అక్కా, నలభై ఒక్కమంది మానేసిన్రా?"

"ఎవడన్నడు? మానేస్తే నలుగురో అయిదుగురో మానేసి ఉంటరు!"

ఆ లెక్కకు రుజువుగా హాజరు రిజిస్టరు జిరాక్సు జతచేశారు. చాలా పేర్ల మీద కొట్టేసినట్టు నల్ల గీతలున్నాయి. లెక్కపెట్టాను. సరిగ్గా నలభై ఒకటి. ఆయన లెక్క తప్పలేదు. కానీ ఏ గీతా తెగకుండా సాగలేదు, అన్నీ ముక్కలు ముక్కలుగా ఉన్నాయి. ఒక పేరు మీద ముక్కలు లెక్కపెడితే పద్నాలుగు. పెన్నుతో పేరు కొట్టేసేవాళ్లెవరూ పద్నాలుగుసార్లు చెయ్యెత్తరు.

"అసలు రిజిస్టరు తెస్తవా?"

మధ్యాహ్నానికి తెచ్చింది. పేజీ మీద వేలు పెట్టగానే దారం తగిలింది. ఎర్ర దారం.

"ఇదేందక్కా?"

"మా తాన రివాజు తమ్మీ. బయటి నుంచి మొదటి ఆర్డర్ వచ్చిననాడు ఎవల పేరు మీద వాళ్లే సూదితోని కుడతరు, అందరికి మిఠాయి పంచుతరు. ఇగ ఆ పిల్ల దర్జీ. హాజరు ఎందుకు పిలుస్త?"

జిరాక్సులో దారం కూడా నల్ల గీతే. పండుగ చేసుకున్న పేర్లన్నీ పారిపోయినవాళ్ల పేర్లయిపోయాయి.

"మూడు నెలల లెటర్ రాయను. దారం చూపిస్తే సరిపోదు. నలభై ఒక్కమందిని చూసొద్దాం," అన్నాను.

"పిచ్చి లేసిందా? బంద్ చేసుడు మీద ట్రస్టోళ్ల మీటింగ్ శనివారమే!"

"రేపటి సంది నాలుగు రోజులు. రోజుకు పదకొండు మంది. లెక్క సరిపోతది."

వానలో తిరిగాం. కంచన్‌బాగ్ దగ్గర స్కూల్ యూనిఫాంలు కుట్టే షబానా, "టీచర్ ఆయీ! టీచర్ వచ్చింది!" అని గల్లీ అంతా వినిపించేలా అరిచింది. నా చేతిలో పుస్తకం చూసి, "ఈయన ఎవలు టీచర్, జనాభా లెక్కలాయనా?" అంది. శుక్రవారం సాయంత్రానికి తేలింది: కుడుతున్నవాళ్లు ముప్పై ఆరుగురు, ఇల్లు మారి దొరకనివాళ్లు ముగ్గురు, కుట్టు వదిలేసినవాళ్లు ఇద్దరు. దారం లేని ఇరవై రెండు పేర్లలో పదిహేడుగురు ఇంకా నేర్చుకుంటున్నారు, నిజంగా మానేసింది అయిదుగురు.

"వదిలేసిన ఇద్దరిని రాయకు తమ్మీ."

"రాయాలె అక్కా. వాళ్లను రాస్తేనే ముప్పై ఆరును నమ్ముతరు."

శనివారం మీటింగ్‌లో పెట్టిన నా కాగితంలో ఎడమవైపు తొమ్మిది మాటలు, ఒక్కోదానికి ఎదురుగా నేను చూసి వచ్చినది. ట్రస్టు పెద్దాయన పాత వ్యాపార కుటుంబం మనిషి. దారం సంగతి విని, రిజిస్టరులోని కుట్లను ఒక్కొక్కటే వేలితో తడిమి చూశాడు.

"సార్, నేను వెళ్లినప్పుడు రూమంతా గ్లూమీగా ఉంది," అన్నాడు కన్సల్టెంట్.

"ఎన్ని గంటలకు పోయినవ్ భాయ్?" అని అడిగాడు పెద్దాయన.

"ఒకటిన్నరకు."

"అది తిండి టైమ్ సార్," అంది సుగుణక్క. "అందరు ఇండ్లకు పోతరు. ఖాళీ రూమ్ ఎట్లుంటది మరి, పెండ్లి బరాత్ లెక్క ఉంటదా?"

పెద్దాయన నవ్వాడు. తర్వాత నా కాగితం చివరి వరుస మీద వేలు ఆపాడు. "డిమ్ అన్న దానికి 'నిజమే' అని రాసినవేంది?"

"నిజమే సార్. పద్నాలుగు మిషన్లకు ఒక్కటే ట్యూబ్‌లైట్."

"సెంటర్ నడుస్తది. లైట్లు పెట్టియ్యుండ్రి," అన్నాడు. కన్సల్టెంట్ రిజిస్టరు తన వైపు తిప్పుకుని దారాన్ని తాకి చూశాడు. "సారీ మేడమ్, నేను జిరాక్సే చూశాను," అన్నాడు. సుగుణక్క కొంగుతో కళ్లు ఒత్తుకుని, "మిఠాయి నాయనా, నీకు కూడా తెస్త," అంది.

ఇన్నేళ్లుగా అంకె ఉంటే చాలు, నిజం దొరికినట్టే అనుకునేవాణ్ని. నలభై ఒకటి సరైన లెక్కే. కానీ దేన్ని లెక్కపెట్టామో తెలియకపోతే, సరైన లెక్క కూడా బతికున్న చోటుకు చావు రాసిపెడుతుందని ఆ వారం నేర్చుకున్నాను. ఇప్పుడు ఎవరైనా దిగులు మాటలున్న కాగితం తెస్తే, ఎంత అని అడిగి ఊరుకోను. అసలుది తెమ్మంటాను, దాన్ని చేత్తో తాకి చూస్తాను.

తర్వాతి వారం ఆ రిపోర్టు సెంటర్ గోడకెక్కింది. ఎనిమిది మాటల మీద ఎర్ర కుట్టు పడింది. డిమ్ మాత్రం అట్లాగే ఉంది. నాలుగు లైట్లు వెలిగిననాడు కబురు పంపి, సుగుణక్క నా చేతికి సూది ఇచ్చింది. మూడు అక్షరాల మీద అయిదు కుట్లు వేశాను. అయిదూ వంకరే.

"సార్ పేరు రిజిస్టర్ల రాయి టీచర్," అని అరిచింది షబానా. "ఈయన నేర్చుకోవాల్సింది మస్తుంది!"