వెనక్కి పిలిచి కారు కడిగి పంపారు

మా కారు బ్రేకుల్లో ఒక పార్టు లోపంతో వచ్చిందట. రీకాల్ చేస్తున్నాం, ఉచితంగా మారుస్తాం, తీసుకురండి అని షోరూమ్ నుంచి ఫోన్ వచ్చింది. రేపు పాలకొల్లు నుంచి అక్కను, నెల నిండిన పాపను కాలవ గట్టు మీదుగా ఇంటికి తీసుకురావాలి. అందుకే ఈ రోజు నాన్న, నేను నిడదవోలు నుంచి రాజమండ్రి వెళ్లాం.

సాయంత్రానికి కారును అద్దంలా కడిగి, లోపల సెంటు కూడా కొట్టి ఇచ్చారు. బ్రేకు మాత్రం మార్చలేదు.

“పార్టు ఇంకా రాలేదండి. అప్పటిదాకా నెమ్మదిగా నడపండి సార్,” అన్నాడు సర్వీస్ అడ్వైజర్.

విందుకు పిలిచి, వంట కాలేదన్నట్టుంది. నాన్నకు కోపం వచ్చింది. మా వైపు కోపంలోనూ ‘అండి’ పోదు.

“లేనప్పుడు ఎందుకు పిలిచారండి? మీరైతే నెల పిల్లను ఇందులో ఎక్కిస్తారాండి?”

“నాకు కారు లేదండి. బైకేనండి.”

నాన్న నవ్వేశారు. అక్కడే ఓడిపోయాం.

“ఫీడ్‌బ్యాక్ కాల్ వస్తుందండి. పదికి పది చెప్పండి సార్, తగ్గితే నన్ను తిడతారండి,” అని గేటు దాకా వచ్చి బతిమాలాడు.

దారిలోనే ఆ కాల్ వచ్చింది. కారు పక్కకి ఆపి, నాన్న పది చెప్పారు!

“అదేంటి నాన్నా?”

“పాపం, అండి అండి అంటున్నాడే.”

పదికి పది తెచ్చుకున్న కారు ఇప్పుడు వాకిట్లో మెరుస్తోంది. రేపు అక్కా పాపా రైల్లో వస్తున్నారు. మీ నాన్నగారైతే ఎన్ని మార్కులు వేసేవారండి?