ఫ్యూజు చోట రాగి తీగ

ఆ పెద్దాయన పేరు నేను అడగలేదు. తిట్టడానికే సరిపోయింది.

గురజాలలో చెయ్యెత్తితే నా పాత పికప్ బండిలో ముందు సీట్లో ఎక్కించుకున్నాను. నెరిసిన గడ్డం, ఒళ్ళో పనిముట్ల సంచి. మాచర్లలో బండ్లకు వైరింగ్ పని చేస్తానన్నాడు. వెనక మిరపకాయ బస్తాల మీద నలుగురు కూలి ఆడవాళ్ళు కూర్చున్నారు. రెండు కిలోమీటర్లు పోయామో లేదో, "వైరు కాలిన కంపు కొడతంది, బండాపు" అన్నాడు.

ఆపగానే స్టీరింగు కిందున్న ఫ్యూజు బాక్సు మూత ఊడదీశాడు. బ్రేకు లైట్ల ఫ్యూజు ఉండాల్సిన చోట నేను చుట్టిన రాగి తీగ కనిపించింది.

"ఇదేంది అబ్బాయ్?"

"ఫ్యూజు ఏసినప్పుడల్లా పోతంది. అందరూ ఇట్టానే కడతారుగా" అన్నాను.

"ఏడనో వైరు ఒరుసుకుపోయి బాడీకి తగల్తంది. అందుకే ఫ్యూజు పోతంది. నువ్వు దాని నోరు కట్టేశావు!"

నాకు ఒళ్ళు మండింది. "బండి నాది, నీకెందుకయ్యా? కూర్చుంటే కూర్చో, లేకపోతే దిగు!" అని అరిచాను.

ఆయన పట్టకారుతో ఆ తీగను పీకి నా అరచేతిలో పెట్టాడు. చుర్రుమంది. విసిరికొట్టి బూతులు తిట్టాను.

"నీకు చెయ్యొక్కటే కాలింది. ఎనక నలుగురుండారు" అని, సంచి భుజాన వేసుకుని దిగి, ఎండలో నడుచుకుంటూ వెళ్ళిపోయాడు.

ఆయన వీపు వైపు చూస్తూ ఇంకా తిడుతూనే ఉన్నాను. తిడుతూనే వెనక్కి వెళ్ళి ఆడవాళ్ళను దిగమన్నాను.

"ఎందుకయ్యా?" అని అడిగారు.

"లోపల వైరు కాల్తంది, బండి అంటుకుంటది. బాగుచేయించిందాకా ఎక్కమాకండి" అన్నాను.