ఊపిరి వినే యంత్రం

ఈ రోజు మా వారిని ఛాతీ డాక్టరు గారికి చూపించాను. ఏళ్ల తరబడి బెల్లం వండే పొయ్యి దగ్గర పొగ మింగిన మనిషి. వీపు మీద చిన్న మైకు ఆనిస్తే, ఊపిరి చప్పుడు ఏ రకమో అక్కడి కంప్యూటరే చెబుతుందట. నేను పక్కనే కూర్చుని మెల్లగా గోవింద నామాలు చదువుకుంటున్నాను. తెర మీద మాటిమాటికీ "మళ్లీ తీయండి" అని వస్తోంది.

"అమ్మా, మీ గొంతు కూడా రికార్డయిపోతంది. కాసేపు ఆపండి," అంది మైకు పట్టుకున్న అమ్మాయి.

"ఆపీవే. ఇన్నేళ్లూ దేవుడు నీ మాటే ఇన్నాడు. ఒక్క నిమసం నా ఊపిరి ఇననీ," అన్నారు మా వారు.

నవ్వి ఆపాను. ఈసారి యంత్రానికి బాగా వినిపించింది. రెండు వైపులా చిటపట చప్పుళ్లట. ఊపిరితిత్తులు గట్టిపడుతున్నట్టున్నాయని డాక్టరు గారు స్కాను రాశారు. ఇక పొయ్యి దగ్గరికి వెళ్లొద్దన్నారు.

"మరి పాకం ఎవులు సూత్తారండీ?" అని మా వారు అడిగితే డాక్టరు గారు స్కాను చీటీ నా చేతిలో పెట్టారు.

సాయంత్రం దీపం పెట్టాను గానీ నామాలు నోటికి రాలేదు. నేను ఆపకపోతే ఆ జబ్బు మాట ఇంకొన్నాళ్లు వినకపోయేవాళ్లమేమోనని పిచ్చి ఆలోచన. తెలిసినవారు చెప్పండి, మధ్యలో ఆపిన నామాలు ఆపిన చోటి నుంచి చదవాలా, మళ్లీ మొదటి నుంచా?