జర్మనీలో అయితేనా!

మా పెదనాన్నకు తాగుడు లేదు, పేకాట లేదు. ఉన్నదల్లా ఒక్కటే వ్యసనం: దేశాలను పోల్చడం. కొత్త వస్తువులు కనిపెట్టేవాళ్ళకు ఏ దేశం ఎలా దన్నుగా నిలుస్తుందో నివేదికలు రాసే ఆఫీసులో ఆయన ఉద్యోగం. ఆఫీసుకు ఐదింటికి తాళం పడేది. పెదనాన్న నోటికి వేసే తాళం మాత్రం ఎవరి దగ్గరా లేదు.

"జర్మనీలో అయితేనా..." అని ఆయన గొంతు సవరించుకోగానే నేను పక్క వీధిలోకి తప్పుకునేదాన్ని. ఆయన వెంట బజారుకు వెళ్ళడమంటే నాకు తల కొట్టేసినట్టుండేది.

ఒకరోజు దర్జీ కొట్లో ఒకాయన చొక్కా పట్టుకుని చిందులు తొక్కుతున్నాడు. దర్జీ కొత్త రకం కాలరు ప్రయత్నించాడట, అది చెవుల దాకా లేచి నిలబడింది. దర్జీ తల దించుకున్నాడు. మధ్యలో దూరాడు మా పెదనాన్న.

"జర్మనీలో అయితేనా, చిన్న కార్ఖానాకు కొత్త ఆలోచన వస్తే పరిశోధనశాలలు వెంట నిలబడి పరీక్షలు చేసిపెడతాయి. మరి ఇతనికి ఎవరున్నారండీ?"

"నాకెవరున్నారయ్యా? రేపు ఇంటర్వ్యూ నాకు!" అని అరిచాడు చొక్కా ఆయన.

"అక్కడికే వస్తున్నా. కొరియా సంగతి తీసుకోండి..."

దాంతో ఆయన కోపమంతా పెదనాన్న మీదికి మళ్ళింది. కొట్లో జనమంతా నవ్వారు. నేను గుడ్డల తానుల వెనక దాక్కున్నాను.

ఇంకోసారి వదిన మొట్టమొదటిసారి కేకు చేసింది. తన పుట్టింటివాళ్ళ ముందు ఆ కేకులోకి కత్తి దిగలేదు. అందరూ వదిన వైపు చూసేలోగా పెదనాన్న లేచాడు.

"కొరియాలో దేశం సంపాదించే ప్రతి వందలో ఇంచుమించు ఐదు పరిశోధనకే పెడతారు. అంటే ఎన్ని కేకులు మాడుతుంటాయో ఆలోచించండి!"

పెద్దమ్మ నెత్తి కొట్టుకుంది. "దేశాలన్నీ తెలుసు, నోరెక్కడ మూయాలో మాత్రం తెలీదు ఈ మనిషికి!"

భోజనాలయ్యేదాకా అందరూ ఆయన్నే ఆటపట్టించారు. కేకు ఊసే ఎవరూ ఎత్తలేదు. నాకు మాత్రం సిగ్గుతో ముద్ద దిగలేదు.

కాలేజీ చివరి ఏడు ప్రదర్శనకు నేను బట్టలు మడతపెట్టే యంత్రం చేశాను. నచ్చితే ఏడాదిపాటు వర్క్‌షాపులో నాకో చోటిస్తారు, లేకపోతే యంత్రం పాత ఇనుములోకి పోతుంది. న్యాయనిర్ణేత ముచ్చటపడి తన కోటే విప్పి ఇచ్చాడు. యంత్రం దాన్ని కాసేపు నమిలి, కోటు చెయ్యి ఒకటి లోపలే ఉంచుకుని ఆగిపోయింది. హాలంతా నా వైపు తిరిగింది. భూమి చీలితే బాగుండుననిపించింది.

వెనక వరసలో కుర్చీ కిర్రుమంది.

"ఇజ్రాయెల్‌లో అయితేనా, సర్కారు డబ్బిచ్చి, సరుకు అమ్ముడుపోతేనే తిరిగిమ్మంటుంది. పోతే పోయిందంటుంది. మనం ఒక్క కోటుకే..."

"ఎవరండీ ఈయన?" అన్నాడు న్యాయనిర్ణేత. తలలన్నీ వెనక్కి తిరిగాయి. నవ్వులే నవ్వులు. నన్ను చూసేవాడు లేడు. ఆ సందులో జారిపోయిన బెల్టు ఎక్కించాను. యంత్రం కోటును బుద్ధిగా మడిచి బయటపెట్టింది.

అప్పుడు వెలిగింది నాకు. దర్జీ, వదిన, ఇప్పుడు నేను. ఇన్నేళ్ళూ ఆయన్ని చూసి సిగ్గుపడ్డాను, ఇప్పుడు నన్ను చూసుకుంటే సిగ్గేసింది.

"కావాలనే లేచావు కదూ పెదనాన్నా?" అని బస్సులో అడిగాను.

"కావాలనేమిటే! ఇజ్రాయెల్ సంగతి వాళ్ళకి తెలియద్దూ?" అని కిటికీ వైపు తిరిగిపోయాడు.

ఆయన రిటైరైన రోజున ఆఫీసువాళ్ళు మొదటిసారిగా ఆయన్ని వేదిక ఎక్కించి, దేశాల మీదే ఉపన్యాసం ఇమ్మన్నారు. పెదనాన్న మైకు ముందు నిలబడి నోరు తెరిచాడు. మాట రాలేదు. చెమట తుడుచుకుని మళ్ళీ తెరిచాడు. ఎవరో కిసుక్కున నవ్వారు.

"ఏమైందే ఈయనకి?" అని పెద్దమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

నాకు తెలుసు. ఆ హాల్లో ఇరుకున పడ్డవాడు ఆయనొక్కడే. తన కోసం మాట్లాడటం ఆయనకు రాదు.

లేచి, ముందు వరసలో ఉన్న పెద్ద అధికారికి మంచినీళ్ళు అందించబోతున్నట్టు వెళ్ళి, జగ్గు జగ్గంతా ఆయన ఒళ్ళో కుమ్మరించాను.

"కళ్ళు కనబడటం లేదా!" అని ఆయన ఎగిరి లేచాడు. హాలంతా నన్నే చూసింది. సిగ్గుతో చెవులు కాలిపోయాయి. అయినా ఖాళీ జగ్గు పట్టుకుని అక్కడే నిలబడ్డాను.

మైకులో గొంతు సవరించుకున్న చప్పుడు వినిపించింది.

"జర్మనీలో అయితేనా..."

ఆ తర్వాత గంటన్నర దాకా ఆపితే ఒట్టు.