ఒక్క తూటా బేరం

మా దుకాణం పక్కనున్న దర్జీ ప్రతి సోమవారం పొద్దున్నే కుట్టుమిషన్‌కు నూనె పోస్తాడు. ఆ వాసన గోడ దాటి రాగానే నా కుడిచేతి చూపుడువేలు తనంతట తానే నిటారుగా చాచుకుంటుంది. చేతిలో టీ గ్లాసున్నా అంతే, క్యాలిక్యులేటరున్నా అంతే. "ఏంది సేటూ, ధర చెప్పమంటే ఏలు జూపిస్తవ్?" అని గిరాకీలు నవ్వుతారు. నేనూ నవ్వి, లేచి లోపలి గదిలోకి వెళ్లి, బీరువా తాళం తీసి చూసి, మళ్లీ వేసి వస్తాను. అందులో చూడాల్సింది ఏళ్లుగా ఏమీ లేదు. అయినా చూడకుండా కూర్చోలేను.

బేరంలో నన్ను మించినవాడు నల్గొండలో లేడు. మా తాత ఉప్పు అమ్మాడు, బాపు గిన్నెలు అమ్మి అమ్మి చిన్న బంగారం దుకాణం పెట్టాడు, నేను ఉయ్యాలలోనే కొసరు అడగడం నేర్చినవాణ్ని. ఆటోవాళ్లతో, డాక్టర్లతో, నా పెళ్లిచూపుల్లో మామగారితో కూడా బేరమాడాను. వాటన్నిటికంటే పెద్ద బేరం మాత్రం ఒక దసరా నాడు చేశాను. ఒకవైపు దేవత, మరోవైపు తుపాకీ, నడుమ నేను. రెండు తూటాలు పడాల్సిన చోట ఒక్క తూటాకు దింపాను. అంతటి తెలివి నాది. ఆ తెలివి సంగతి చెప్పాలంటే ముందు దేవదానం సార్ గురించి చెప్పాలి.

ఆయన మా దుకాణానికి ఎదురుగా ఉన్న బ్యాంకులో గన్‌మన్. ఊరు ఆలంపూర్ దగ్గర. తల్లిదండ్రులు గుంట భూమి లేని కూలీలు, ఇంట్లో మొదటి జీతం ఈయనదే. సైన్యంలో హవల్దారుగా రిటైరై వచ్చి బ్యాంకు మెట్ల పక్కన కుర్చీ వేసుకున్నాడు. చాలామంది బ్యాంకు గన్‌మన్లు మధ్యాహ్నం పూట తుపాకీ గొట్టానికి గడ్డం ఆనించి కునుకు తీయడం అందరం చూసినదే. ఈయన గడ్డం ఏనాడూ అటు పోలేదు. నిద్రొస్తే లేచి నిలబడేవాడు. ఆ మనిషికి నిలబడటం విశ్రాంతి. నాకు కూర్చోవడం కూడా పనే.

తెలంగాణ వచ్చిన కొత్తలో పక్క వీధిలో ఒక దుకాణం షట్టర్ విరగ్గొట్టారు. అప్పటి నుంచి బాపుకు నిద్ర లేదు, ఆయన వల్ల మాకు లేదు. లైసెన్సుకు పెట్టుకున్నాం, చాలాకాలం తిరిగాక వచ్చింది. హుజూర్‌నగర్‌లో ఒక పెద్దమనిషి తన రెండు గొట్టాల తుపాకీ అమ్ముతున్నాడని తెలిసి, అనుమతులు తీసుకుని, అడిగిన ధరకు సగానికి తెచ్చాను. తోలు సంచి కొసరు. దాన్ని బీరువాలో పెట్టిన రోజు నుంచి నాకు రెండు భయాలు, దొంగ ఒకటి, తుపాకీ ఒకటి. నాలుగో రోజు వీధి దాటి సార్ దగ్గరికి పోయాను.

"పట్టుకోవడం నేర్పండి సార్. ఫీజెంత?"

"నెల రోజులు తూటా ముట్టొద్దు. గదే ఫీజు."

"పదిహేను రోజులు చేసుకోండి."

"చీర బేరమా సేటూ? నెలంటే నెల."

తుపాకీని కూడా ముట్టనివ్వలేదు. నా చేతిలో గొడుగు పెట్టాడు. దుకాణంలో ఉన్నంతసేపూ అది నా చేతిలో ఉండాలి, మొన ఏ మనిషి వైపూ తిరగకూడదు, చూపుడువేలు కర్ర పొడవునా చాచి ఉండాలి. నాకు ఒక్కచోట నిలిచే గుణం లేదు కదా. అటు తిరిగి డబ్బా తీస్తాను, ఇటు తిరిగి గిరాకీని పిలుస్తాను. నేను తిరిగినప్పుడల్లా ఎదుటి మెట్ల మీద నుంచి సార్ గొంతు వీధంతా వినిపించేది. "సచ్చిండు!" కాసేపటికి మళ్లీ, "ఆమె గూడ సచ్చింది!" మొదటి వారం ముగిసేసరికి మా బాపు ఒక్కడే పదకొండు సార్లు చచ్చాడు. "గీ గొడుగేందిరా, వానల్లేవు ఏం లేవు, ఎదురింటాయన నన్ను రోజూ సంపుతుండు" అని బాపు గోల. నవ్వు వచ్చేది, సిగ్గూ వేసేది. నెల చివరి మూడు రోజులు మాత్రం ఎవరూ చావలేదు.

అప్పుడు తుపాకీ తీయించాడు. నాలుగు మాటలు చెప్పాడు. చేతిలోకి వచ్చిన ప్రతి తుపాకీలోనూ తూటా ఉన్నట్టే లెక్క. నాశనమైనా పర్లేదనుకున్న దాని మీదికి తప్ప గొట్టం తిరగొద్దు. కాల్చాలని తేల్చుకునే దాకా వేలు ట్రిగ్గర్ మీదికి పోవద్దు. కాల్చే దాని వెనక ఏముందో తెలియాలి. నాకు అలవాటైన నోరు ఊరుకోలేదు.

"నాలుగూ ఎందుకు సార్, మొదటిది సరిగ్గా చేస్తే మిగతావి అక్కర్లేదు కదా?"

"నీ మంచానికి నాలుగు కోళ్లున్నయ్ గదా. ఒకటి తీసి పండు. రేపొచ్చి చెప్పు."

ఆపైన తుపాకీని మధ్యలో వంచి తెరిచి, రెండు గొట్టాల్లోకీ చూసి, చిటికెనవేలు పెట్టి తడిమి, తెరిచినట్టే నా చేతికిచ్చాడు. నేను తీసుకుని మూయబోయాను.

"చూసినవా?"

"ఇప్పుడే మీరు చూశారు కదా సార్."

"నేను చూసిన. నువ్వు చూసినవా?"

తూటాలు ఒక తాళంలో, తుపాకీ ఇంకో తాళంలో, రెండు తాళంచెవులు రెండు చోట్ల పెట్టించాడు. కుట్టుమిషన్ నూనెతో గుడ్డ తడిపి గొట్టాలు తుడవడం నేర్పాడు. నూనె సీసా తనే తెచ్చాడు. డబ్బులు ఇవ్వబోతే, "బేరమాడకుండ ఇస్తే తీసుకుంట" అన్నాడు. నేను ఎంత అని అడిగాను. అదే బేరం మొదలుపెట్టడమన్నాడు.

ఆ ఏడాది దసరా వచ్చింది. మా ఇళ్లలో పూజలో ఖాళీ వస్తువు పెట్టరు. గల్లాపెట్టెలో నాణేలుండాలి, త్రాసులో గురిగింజ ఎత్తు బంగారం ఉండాలి, ఇంట్లో సోలలో, మానికలో బియ్యం నింపి పెడతారు. ఖాళీది పెడితే ఏడాదంతా ఖాళీయే అని నమ్మకం. దుకాణం వెనకున్న మా ఇంట్లో పసుపు గుడ్డ మీద తుపాకీ పెట్టగానే బాపు వంగి చూశాడు.

"ఉత్తగ పెట్టినవేంరా శీనూ? నిండుగ పెట్టు."

"తుపాకీని నింపొద్దు బాపూ."

"త్రాసు నిండుగుండి అది ఉత్తగుంటే దుకాణానికి మంచిది గాదు బిడ్డా. పూజ అయినంక తియ్యి."

బాపు మాటా, సార్ మాటా నెగ్గేలా నేను మధ్యలో ఒక ధర కుదిర్చాను. రెండు గొట్టాలున్నాయి కాబట్టి ఒక్కదానిలోనే తూటా. బాపుకు నిండుదనం, సార్‌కు ఖాళీ. మూసి, బొట్టు పెట్టి, దండం పెట్టుకున్నాను. పూజలో పెట్టినవి సాయంత్రం దాకా కదిలించరు కాబట్టి అది అలాగే ఉంది. సాయంత్రం జమ్మి ఆకు పంచుకోవడానికి వచ్చేవాళ్లూ పోయేవాళ్లూ, నేను ఒక కాలు గుమ్మంలో, ఒక కాలు వంటింట్లో.

మా బావ, అంటే అక్క భర్త, తుపాకీ ఎత్తాడు. "బామ్మర్దీ, ఒక ఫోటో దిగుత. చూసినవా మల్ల?"

"నేను చూసిన లే బావా" అన్నాను, గుమ్మం నుంచే, ఎవరికో ఆకు ఇస్తూ. నిజమే, చూశాను. ముందు రోజు, తుడిచినప్పుడు. పొద్దున నేనే తూటా పెట్టిన సంగతి ఆ హడావిడిలో మరిచాను.

అక్క ఫోన్ పట్టుకుని బావకు ఎదురుగా నిలబడింది. "గట్ల గాదు, ఇటు జూడు, నిజంగ కాలుస్తున్నట్టు పెట్టు" అంది. ఆ సమయంలోనే దేవదానం సార్ లోపలికి వచ్చాడు. చర్చికి పోయే మనిషే అయినా ఏటా మాకు జమ్మి ఇవ్వడం మానేవాడు కాదు. ఆయన చూసింది ఆకును కాదు, బావ వేలును. అరవలేదు. అరిస్తే ఆ వేలు బిగుసుకుంటుందని ఆయనకు తెలుసట, తర్వాత చెప్పాడు. రెండంగల్లో వచ్చి అరచేత్తో గొట్టాన్ని కింది నుంచి పైకి లేపాడు. పేలింది.

కప్పు నుంచి సున్నం రాలి అక్క జుట్టు తెల్లబడింది. అక్క ఫోన్ పట్టుకునే ఉంది. ఎవరికీ ఏమీ కాలేదని బాపు ఏడుస్తూ అందరినీ తడుముతున్నాడు. సార్ తుపాకీ వంచి తెరిచి, గొట్టాలు రెండూ చూసి, గుడ్డ మీద పెట్టి, ఎడమ చెవి మీద చెయ్యి పెట్టుకుని కూర్చున్నాడు. ఆయన కూర్చోవడం చూసి నాకు భయం వేసింది.

వీధి పోగయింది. నా బుర్ర అప్పటికే బేరంలో పడింది. ఆయన పక్కన చేరి, "తుడుస్తుంటే పేలిందని చెబుదాం సార్" అన్నాను. ఆయన తల తిప్పి కుడిచెవి ఇచ్చి, మళ్లీ చెప్పమన్నాడు. అంత సిగ్గుమాలిన మాటను రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది.

"గొడుగుతోని మీ బాపును పదకొండు సార్లు సంపినవ్ సేటూ. ఒక్కసారన్న దాచినమా? ఇది గూడ జరిగింది జరిగినట్టు చెప్పు."

చెప్పాను. స్టేషన్‌కు ఆయనే నా వెంట వచ్చాడు. తుపాకీ పోయింది, లైసెన్సు పోయింది, కోర్టు చుట్టూ తిరిగి జరిమానా కట్టాను. అవి నావి, పోవాల్సినవే. ఆయన ఎడమచెవి మాత్రం తిరిగి రాలేదు. దవాఖానలో పొర చిరిగిందన్నారు, తర్వాత లోపల నరం పోయిందన్నారు. బ్యాంకు వాళ్ల వైద్య పరీక్షలో నెగ్గలేదు. ఒక పొద్దున ఎదుటి మెట్ల పక్కన కుర్చీ లేదు.

డబ్బు పట్టుకుని ఆలంపూర్ పోయాను. "ఎంతంటే అంత సార్" అన్నాను. ఆయన "ఇయ్యాల నీకు బేరం వస్తలేదు, ఇంటికి పో" అని నవ్వి, అన్నం పెట్టి పంపాడు. కొన్నాళ్లకు ఆయనే ఫోన్ చేశాడు. మహబూబ్‌నగర్‌లో కొత్త గార్డులకు పట్టుకోవడం నేర్పుతున్నాడట. "నాలుగు మాటలు చెప్తే ఆవలిస్తున్రు. నువ్వొచ్చి నీ దసరా ముచ్చట చెప్పు. గదే ఫీజు." అప్పటి నుంచి కొత్త జట్టు వచ్చినప్పుడల్లా పోతాను. నా చేతికి గొడుగిస్తాడు. నేను మొదట గొప్పలే చెబుతాను, రెండు తూటాలను ఒకటికి దింపిన మొనగాణ్నని. వాళ్లు నవ్వుతారు. తర్వాత నవ్వరు. ఆయన కుడిపక్కనే నిలబడతాను, ఎడమపక్క నుంచి ఏం చెప్పినా ఆయనకు చేరదు.

దుకాణదారు కొడుకును కాబట్టి లెక్క తేల్చకుండా ముగించలేను. తగ్గించి పెట్టినది ఒక్క తూటా. పేలింది మిగిలిన ఆ ఒక్కటే. నాకు దక్కినది మా అక్క. ఆమె ఇప్పటికీ పండగకు వచ్చి నన్ను తిడుతుంది, కూర్చుని వింటాను. పోయినది ఒక మనిషి ఎడమచెవి, ఆయన నిలబడి చేసిన ఉద్యోగం. బేరమాడింది నేను. కట్టింది ఆయన.